వంశధార నీళ్ళు ఎవరి చేతిలో ఉన్నాయి?

డిసెంబరు 17 అనగానే మన పెన్షనర్లందరికీ నకారాగారి కేసు గుర్తుకు వస్తుంది. ది 17-12-1982న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, 31-3-1979కి ముందు రిటైరైన వారికి ఒక లెక్క, ఆ తరువాత రిటైరైన వారికి వేరొక లెక్క కట్టడం చెల్లదని తీర్పు చెప్పింది. ఏటా ఆ రోజున సభ జరుపుకుని, పెద్దలకు శాలువా కప్పి, ఉప్మా తిని ఇళ్ళకు పోవడం మనకు ఆనవాయితీ. సరిగ్గా 31 సంవత్సరాల తరువాత, ది 17-12-2013న, మరొక ఉత్తర్వు వెలువడింది. అది ఫించన్లకు సంబంధించినది కాదు. మన వంశధార నీటికి సంబంధించినది. దానికోసం ఎవరూ సభ పెట్టలేదు. మనలో చాలామందికి దాని సంగతే తెలియదు.

ఈ ప్రత్యేక సంచికకు శాసన, కార్యనిర్వాహక, న్యాయ విభాగాల మధ్య అధికారాలు ఎలా పంచబడ్డాయో ఒక వ్యాసం రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. పౌరశాస్త్రం పుస్తకంలో ఉన్నదే మళ్ళీ రాస్తే మీరు చదవరు. రాయడానికి నాకూ ఓపిక లేదు. నేను నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగినవాడిని. ఇంజనీరును కాను, వకీలును అంతకన్నా కాను. ఫైళ్ళు మోసినవాడిగా నాకు తెలిసినంతలో మన ఏరు కథ చెబుతాను. కేంద్రం, రాష్ట్రం, పార్లమెంటు, సుప్రీంకోర్టు, అన్నీ అందులోనే తగులుతాయి.

దీనికి ప్రేరణ కూడా చెప్పాలి. ఆమధ్య కాశీబుగ్గ బస్టాండులో నందిగాం వైపు రైతు ఒకాయన కలిశాడు. ఎడమ కాలువ శివారు భూమి ఆయనది. నేను ఏ శాఖలో పనిచేశానో తెలిసినవాడు గనక వదలలేదు. "ఏటండీ మాస్టారూ, నేరడి కాడ బారేజీ కట్టుకోమని జడ్జీలు సెప్పేసినారంటారు. మన గవర్నమెంటు కడతానంటాది. మరి అడ్డమేటి?" అన్నాడు. బస్సు వచ్చేలోగా చెప్పగలిగిన జవాబు కాదది. ఆయనకు అప్పుడు చెప్పలేకపోయినదే ఇప్పుడు రాస్తున్నాను.

ఏరు ఒకటే, గట్లు రెండయిన రోజు

వంశధార ఒడిశాలో కలహండి జిల్లా లాంజిగఢ్ ప్రాంతపు కొండల్లో పుట్టి, గుణుపూరు మీదుగా దిగి, బత్తిలి దగ్గర మన సరిహద్దు తాకి, హిరమండలం దాటి కళింగపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. మొత్తం పొడవు సుమారు 250 కిలోమీటర్లు. అందులో కొంత దూరం నదే రెండు రాష్ట్రాలకూ సరిహద్దు. ఆ కొద్ది దూరంలోనే ఈ తగాదా అంతా ఉంది.

మన తాతల నాటికి ఈ తగాదా లేదు. అప్పట్లో టెక్కలి, పర్లాకిమిడి, బరంపురం అన్నీ గంజాం జిల్లాలోనివే. కలెక్టరు కచేరి ఛత్రపురంలో ఉండేది. ఎగువన ఉన్న గుణుపూరు విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో, జయపురం జమీ కింద ఉండేది. పైన కలహండి సంస్థానాన్ని మినహాయిస్తే ఏరు దాదాపు మొత్తం మద్రాసు ప్రభుత్వం చేతిలోనే ఉండేది. ఎగువ రైతుకూ, దిగువ రైతుకూ పేచీ వస్తే అర్జీ పోయే సర్కారు ఒక్కటే.

ది 1-4-1936న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. గంజాం, కోరాపుట్టు అటు పోయాయి. పర్లాకిమిడి జమీందారీని రెండుగా చీల్చారు. పట్నం అటు, పాతపట్నం ఇటు. టెక్కలి, పలాస, మందస, సోంపేట మద్రాసు రాష్ట్రంలోనే మిగిలి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 15-8-1950న. పర్లాకిమిడి మహారాజు శ్రీ కృష్ణచంద్ర గజపతి నారాయణదేవ్ 1937లో ఒరిస్సాకు తొలి ప్రధానమంత్రి అయ్యారు. (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు.) మన ఇళ్ళలో పెళ్ళిళ్ళు, పేరంటాలు, పర్లాకిమిడి సంతకు పోవడం ఏమీ ఆగలేదు. ఆ రోజున సరిహద్దు గీత గీసినవారు భాష లెక్క చూశారు, జనాభా లెక్క చూశారు. నీటి లెక్క ఎవరైనా చూసి ఉంటారని నాకు నమ్మకం లేదు.

నీటి అధికారం ఎవరిదని రాసుకున్నాం?

రాష్ట్రాలు వేరయినప్పుడు నీటి తగాదాలు వస్తాయని తెల్లదొరలకు తెలియక కాదు. 1935 భారత ప్రభుత్వ చట్టంలో 130వ సెక్షను నుంచి దీనికి ఒక పద్ధతి పెట్టారు. ఒక రాష్ట్రం గవర్నర్ జనరలుకు ఫిర్యాదు చేసుకోవాలి. ఆయన నిపుణుల కమీషను వేసి, దాని నివేదిక చూసి నిర్ణయం చెబుతాడు. కోర్టులకు అందులో జోక్యం లేదు. నీరు అంటే చట్టం తెలిసినవాడికన్నా పారుదల తెలిసినవాడు తేల్చవలసిన విషయమని వారి ఉద్దేశం. అందులో కొంత నిజం లేకపోలేదు.

1950లో వచ్చిన మన రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో అధికారాలను మూడు జాబితాలుగా పంచింది. మొదట కేంద్రానికి 97 అంశాలు, రాష్ట్రాలకు 66, ఉమ్మడిగా 47. నీరు, సాగు, కాలువలు, కట్టలు, నిలువ, ఇవన్నీ రాష్ట్ర జాబితాలో 17వ అంశం. అంటే నీరు రాష్ట్రానిదే. అయితే ఆ అంశానికి ఒక తోక తగిలించారు. కేంద్ర జాబితాలోని 56వ అంశానికి లోబడి మాత్రమే అన్నారు. ఆ 56 ఏమిటంటే, ఒక రాష్ట్రం దాటి పారే నదులను ప్రజాహితం కోసం ఎంతవరకు కేంద్రం అదుపులోకి తీసుకోవాలో పార్లమెంటు చట్టం చేసి చెప్పవచ్చునని. పార్లమెంటు 1956లో రివర్ బోర్డుల చట్టం చేసింది. ఆ చట్టం కింద ఈనాటి వరకు ఒక్క బోర్డు కూడా ఏర్పడలేదు. అధికారం ఇచ్చారు, తీసుకున్నారు, బీరువాలో పెట్టారు. ప్రభుత్వాఫీసుల్లో పనిచేసిన మనకు ఇది వింతేమీ కాదు.

ఇక తగాదాల సంగతి. మామూలుగా ఒక రాష్ట్రానికీ మరొక రాష్ట్రానికీ వ్యాజ్యం వస్తే 131వ అధికరణం ప్రకారం నేరుగా సుప్రీంకోర్టుకే పోవాలి. నదీజలాలకు మాత్రం 262వ అధికరణంలో వేరే దారి వేశారు. వీటిని తేల్చే పద్ధతిని పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పాటు చేయవచ్చు, సుప్రీంకోర్టుతో సహా ఏ కోర్టుకూ వీటిలో అధికారం లేకుండా చేయవచ్చు అని. ఆ ప్రకారం వచ్చినదే 1956 అంతర్రాష్ట్ర జలవివాదాల చట్టం. దాని 11వ సెక్షను కోర్టుల తలుపు మూసింది. రాష్ట్రం కేంద్రానికి అర్జీ పెట్టుకోవాలి. చర్చలతో తేలదని కేంద్రానికి తోస్తే ట్రిబ్యునలు వేయాలి. ట్రిబ్యునలులో కూర్చునేది జడ్జీలే. వారి నిర్ణయాన్ని కేంద్రం గెజిట్లో ప్రకటించాలి. అప్పుడే అది అమలుకు వస్తుంది. కృష్ణా, గోదావరి జలాలకు 1969లో వేసిన ట్రిబ్యునళ్ళు ఈ తరహావే. బచావత్ గారి పేరు వినని ఆంధ్రుడు ఉండడు గదా.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూడండి. చట్టం చేసింది పార్లమెంటు. ట్రిబ్యునలు వేయాలా వద్దా అన్నది కార్యనిర్వాహక వర్గం, అంటే కేంద్ర ప్రభుత్వం. నీళ్ళు పంచేది జడ్జీలు. పంచిన కాగితాన్ని అచ్చు వేసి ప్రాణం పోసేది మళ్ళీ కేంద్ర ప్రభుత్వం. కాలువ తవ్వేది రాష్ట్రం. కాలువకు, కట్టకు భూమి సేకరించి ఇవ్వవలసిందీ ఆ భూమి ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్ర ప్రభుత్వమే. ఒకరి చేతిలోనే అన్నీ ఉండకూడదని పెద్దలు చేసిన ఏర్పాటు ఇది. ఏర్పాటు మంచిదే. కానీ ఒక టేబులు మీద నుంచి ఇంకొక టేబులు మీదకు కాగితం ఎన్నాళ్ళలో కదలాలో మొదటి చట్టంలో ఎవరూ రాయలేదు. కావేరి విషయంలో తమిళనాడు 1986లో అర్జీ పెట్టుకుంటే కేంద్రం కదలలేదు. 1990 మేలో సుప్రీంకోర్టు ఆదేశించాక జూన్ 2న ట్రిబ్యునలు వేశారు. అర్జీ అందిన ఏడాదిలోగా వేయాలన్న గడువును పార్లమెంటు 2002లో గాని చట్టంలో చేర్చలేదు.

కావేరి సంగతిలోనే ఇంకొక ముచ్చట. ట్రిబ్యునలు మధ్యంతర ఉత్తర్వు ఇస్తే, అది తమకు వర్తించకుండా కర్ణాటక 1991లో ఆర్డినెన్సు తెచ్చింది. నీరు రాష్ట్ర జాబితాలోనిది కాబట్టి తమ ఇష్టమన్నారు. రాష్ట్రపతి అభిప్రాయం కోరగా సుప్రీంకోర్టు ఆ ఆర్డినెన్సు చెల్లదని అదే ఏడాది చెప్పింది. పై రాష్ట్రం ఏరు తన ఇంట్లోంచి పారుతోంది గనక తన చట్టసభలో చట్టం చేసి కింది రాష్ట్రపు హక్కు తుడిచేయలేదని దాని భావం. దిగువన ఉన్న మనబోటి వారికి అది పెద్ద అండ.

మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు గనక అక్కడి పద్ధతి కూడా రెండు ముక్కల్లో చెబుతాను. అక్కడ ట్రిబ్యునళ్ళు లేవు. రాష్ట్రాల నీటి తగాదా నేరుగా సుప్రీంకోర్టుకే పోతుంది. ఆర్కన్సా నది మీద కాన్సాస్, కొలరాడో రాష్ట్రాల వ్యాజ్యాన్ని 1907లో ఆ కోర్టే తేల్చింది. లేదంటే రాష్ట్రాలు తమలో తాము ఒడంబడిక చేసుకోవచ్చు. అయితే దానికి కాంగ్రెసు, అంటే వారి పార్లమెంటు, సమ్మతి ఉండాలి. 1922 నాటి కొలరాడో నది ఒడంబడికకు 1928లో అలా సమ్మతి వచ్చింది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. మన 1962 ఒప్పందం దగ్గర మళ్ళీ అవసరం వస్తుంది.

గొట్టా నుంచి కాట్రగడ్డ దాకా

ది 30-9-1962న ఆంధ్రప్రదేశ్, ఒరిస్సా ప్రభుత్వాల మధ్య ఒక అంగీకారం కుదిరింది. గొట్టా వద్ద వంశధారలో దొరికే నీరు 115 టి.ఎం.సి.లని, అందులో చెరిసగం, అంటే చెరి 57.5 టి.ఎం.సి.లు, అని. ఆ అంగీకారం మీదనే హిరమండలం దగ్గర గొట్టా బారేజి లేచింది. ఎడమ కాలువ నూటనాలుగు కిలోమీటర్ల పైచిలుకు తవ్వారు. ఆయకట్టు సుమారు 1,48,000 ఎకరాలు. కాలువ కోటబొమ్మాళి, టెక్కలి, నందిగాం దాటి పలాస, వజ్రపుకొత్తూరు వైపు వచ్చేసరికి మేజరు మైనరుగా, మైనరు పిల్లకాలువగా, పిల్లకాలువ ఒట్టి గాడిగా మారిపోతుంది. శివారు రైతు మాట కాగితం మీద ఆయకట్టుదారుడు, నేల మీద ఖుష్కి రైతు. ఈ ప్రాజెక్టుకు మన జిల్లా నాయకులు కీ.శే. బొడ్డేపల్లి రాజగోపాలరావుగారి పేరు పెట్టుకున్నాం.

1962 అంగీకారం ప్రభుత్వాల మధ్య మాట. ఏ శాసనసభా దానిని చట్టం చేయలేదు. పార్లమెంటు ముద్ర లేదు. కార్యనిర్వాహక వర్గాల మాట నిలబడినన్నాళ్ళూ అది బండరాయిలా పనిచేస్తుంది. మాట మారితే చూపించడానికి ఒక కాగితమే మిగులుతుంది. నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఏ ఉత్తరం రాసినా మొదటి పేరాలో ఆ తేదీ వేయవలసిందే. ఎన్నిసార్లు టైపు చేయించానో లెక్క లేదు.

మనకు దక్కిన 57.5లో గొట్టా దగ్గర పట్టుకోగలిగింది కొంతే. వరద రోజుల్లో నీరు సముద్రం పాలవుతుంది, ఎండాకాలం నిలువ ఉండదు. అందుకని ఎగువన నేరడి వద్ద ఇంకొక బారేజి కట్టి, అక్కడి నుంచి కాలువ ద్వారా హిరమండలం దగ్గర పెద్ద జలాశయం నింపాలని రెండవ దశ ఆలోచన. నేరడి మన భామిని మండలంలోది. (2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు భామిని పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయింది. ఏరు గీత దాటడం ఆగినా, గీతలు ఏరు దాటడం ఆగలేదు.) కానీ బారేజి అన్నాక రెండు గట్లూ కావాలి. అవతలి గట్టు ఒడిశాది. ఆ వైపు భూమి లేనిదే కట్ట లేవదు. ఒడిశా ఒప్పుకోలేదు.

అవతలి గట్టు అవసరం లేకుండా పని కావడానికి మనవారు ఒక ఉపాయం చేశారు. కాట్రగడ్డ దగ్గర ఇవతలి గట్టునే పక్కవాటు కట్ట, దాన్నే ఇంజనీర్లు సైడ్‌వియర్ అంటారు, కట్టి, వరద నీరు దాని మీదుగా పొర్లి కాలువలో పడేలా చేసి, 19 టి.ఎం.సి.ల హిరమండలం జలాశయానికి తరలించడం. 2005లో పనులు మొదలయ్యాయి. ఆ జలాశయం కోసం ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేసిన నిర్వాసితుల కథ వేరు. అది ఈ వ్యాసంలో రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోదగినది కాదు.

ఒడిశాకు ఇది నచ్చలేదు. ఇలా నీరు మళ్ళిస్తే సరిహద్దు వెంబడి ఏరు ఎండిపోతుందని, నది దారి మారిపోతుందని వారి భయం. వారి వైపు నిలబడి చూస్తే ఆ భయం పూర్తిగా అసమంజసమని నేననను. మనం శివారు రైతులం గనక మన బాధ మనకు తెలుసు. వారికీ ఏటి ఒడ్డున రైతులున్నారు. 2006 ఫిబ్రవరిలో ఒడిశా చట్టప్రకారం కేంద్రానికి అర్జీ పెట్టుకుంది, ట్రిబ్యునలు వేయమని. చర్చలు, సమావేశాలు అంటూ కాలం గడిచింది, ట్రిబ్యునలు రాలేదు. అప్పుడు ఒడిశా సుప్రీంకోర్టులో రిట్ వేసింది.

కథలో అసలు మలుపు ఇక్కడ ఉంది. చట్టం 11వ సెక్షను ప్రకారం ఈ తగాదాలో కోర్టుకు ప్రవేశం లేదు. మరి సుప్రీంకోర్టు ఏం చేసింది? నీరు ఎవరికెంత అన్న జోలికి పోలేదు. ది 6-2-2009న జస్టిస్ అల్తమస్ కబీర్, జస్టిస్ మార్కండేయ కట్జూ ఇచ్చిన తీర్పు సారాంశం ఇంతే: నీళ్ళు పంచడం మా పని కాదు, పంచేవాళ్ళను నియమించమని చట్టం కేంద్రానికి చెప్పింది, ఆ పని ఆరు నెలల్లో చేయండి. జస్టిస్ కట్జూ అదనంగా, నీటి కొరతకు శాస్త్రజ్ఞులు పరిష్కారం కనిపెట్టాలని విడిగా కొన్ని పేజీలు రాశారు. తగాదా మీద అధికారం లేకపోవడం వేరు, తన విధి చేయని అధికారిని కదిలించే అధికారం వేరు. కోర్టు మొదటి గీత దాటలేదు, రెండవది వదులుకోలేదు. అధికార విభజన అంటే గోడలు కట్టుకోవడం అనుకుంటారు చాలామంది. ఈ తీర్పు చదివాక నాకు అది మన పాత ఇళ్ళ మధ్య ఉమ్మడి గోడలా కనిపించింది. దూలం ఎవరిది వారిదే, గోడ పడిపోతుంటే మాత్రం రెండో ఇంటివాడు కేక వేయవచ్చు.

ఆరు నెలలు అన్నారు గదా. ట్రిబ్యునలు ఏర్పడింది 24-2-2010న. ఏడాది దాటింది.

మన మిత్రులు దీనికి ఆశ్చర్యపోరు. నా సొంత సంగతే చెబుతాను. సర్వీసు చివర్లో నాకు ఒక ఇంక్రిమెంటు విషయంలో తీర్పు అనుకూలంగా వచ్చింది. ప్రతి తీసుకుని ఒక కార్యాలయానికి వెళ్తే, "తీర్పు మాకు అందింది, అమలు ఉత్తర్వు రావాలి" అన్నారు. ఆ ఉత్తర్వుకు నాలుగేళ్ళు పట్టింది. ఆ కార్యాలయం పేరు రాయను. మీకూ అటువంటివి రెండు మూడు తెలిసే ఉంటాయి.

తీర్పు వచ్చింది, కట్ట రాలేదు

జస్టిస్ ముకుందకం శర్మ అధ్యక్షతన ట్రిబ్యునలు విచారణ సాగించింది. మొదట చెప్పిన 17-12-2013 నాటి ఉత్తర్వు వారిదే. తుది తీర్పు వచ్చేలోగా పర్యవేక్షణకు ముగ్గురు సభ్యుల సంఘం వేసి, షరతులతో కాట్రగడ్డ పనికి దారి ఇచ్చారు. ఒడిశా దాని మీద మళ్ళీ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. తలుపు మూసి ఉన్న కోర్టుకు ఎలా వెళ్ళారని మీరడగవచ్చు. రాజ్యాంగం 136వ అధికరణం కింద ప్రత్యేక అనుమతితో అప్పీలు వినే అధికారం సుప్రీంకోర్టుకు ఉంది. ట్రిబ్యునలు తీర్పు మీద ఆ అప్పీలు చెల్లుతుందని కావేరి కేసులో 2016 డిసెంబరులో కోర్టే తేల్చింది. పార్లమెంటు వేసిన గడియకు కోర్టు కిటికీ తెరిచింది. ఇది మంచిదా కాదా అన్న విషయంలో పెద్ద వకీళ్ళే రెండు వర్గాలు. నా మటుకు నాకు, దిగువ రాష్ట్రపు పౌరుడిగా ఆలస్యం గురించి బెంగ ఉన్నా, చివరి మాట చెప్పేచోట ఒక కోర్టు ఉండడమే నయమనిపిస్తుంది.

ది 13-9-2017న ట్రిబ్యునలు నివేదిక ఇచ్చింది. 115 టి.ఎం.సి.లు చెరిసగం అన్న 1962 మాటనే నిలబెట్టింది. అంటే మా గుమాస్తాలు ఏళ్ళ తరబడి మొదటి పేరాలో వేసిన తేదీ వృథా పోలేదన్నమాట! నేరడి బారేజికి అనుమతి ఇచ్చింది. దానికి కావలసిన 106 ఎకరాలు ఒడిశా సేకరించి ఇవ్వాలన్నది. ఒడిశా కూడా తన వాటా తీసుకునేలా ఎడమవైపు తూము పెట్టాలన్నది. చట్టంలో 5వ సెక్షను కింద తీర్పు మీద వివరణలు కోరే వీలుంది. కోరారు. వాటికి జవాబు 21-6-2021న వచ్చింది. మొదటి అర్జీ నుంచి లెక్క వేస్తే పదిహేనేళ్ళు.

ఇప్పుడు కాశీబుగ్గ రైతు ప్రశ్నకు వద్దాం. గెజిట్లో పడితే ట్రిబ్యునలు తీర్పుకు సుప్రీంకోర్టు డిక్రీకి ఉన్నంత బలం ఉంటుందని 2002 సవరణ చెబుతుంది. కానీ ఆ గెజిట్ అచ్చు వేయించేది కేంద్రం. 106 ఎకరాలు భూసేకరణ చేయవలసింది ఒడిశా రెవెన్యూ వారు. ఆంధ్ర ఇంజనీరు కొలత గొలుసు పట్టుకుని అవతలి గట్టుకు పోతే అతిక్రమణ కిందకు వస్తుంది. జడ్జీలకు గునపం లేదు, పార లేదు. అందుకే తీర్పులు వచ్చాక కూడా 2021 నవంబరు 9న ఆంధ్ర ముఖ్యమంత్రి భువనేశ్వర్ వెళ్ళి ఒడిశా ముఖ్యమంత్రితో కూర్చుని నేరడి గురించి మాట్లాడవలసి వచ్చింది. అధికారుల సంఘం వేసుకుందామనుకున్నారు. 1962లో ఇద్దరు కూర్చుని మాట్లాడుకున్న చోటికే 2021లో మళ్ళీ వచ్చారు. మధ్యలో ఒక చట్టం, ఒక రిట్, ఒక ట్రిబ్యునలు.

ఎవరి అనుమతీ అక్కరలేని పనులు మాత్రం ఆగలేదు. నేరడి ఆలస్యమవుతుందని గ్రహించి, గొట్టా బారేజి నుంచి హిరమండలం జలాశయానికి నీరు ఎత్తిపోసే పథకాన్ని సుమారు 176 కోట్లతో రాష్ట్రం తలపెట్టింది. గట్టు మనది, పంపులు మనవి, నీరు మన వాటాలోది. కాకపోతే ఏరు తనంతట తాను పారి రావలసిన నీటికి కరెంటు బిల్లు కట్టుకోవాలి.

ఇక ఉద్దానం మాట. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు తోటల్లో ఉన్న మన సభ్యులు, "వంశధార గొడవ మాకెందుకు, మాకు కొబ్బరి, జీడి తప్ప వరి ఎంత?" అని ఇంతకాలం అనేవారు. మూత్రపిండాల జబ్బు ఇళ్ళను ఎలా పట్టి పీడించిందో మీకు నేను చెప్పనక్కరలేదు. మన సంఘం సంతాప తీర్మానాల పుస్తకం తిరగేస్తే చాలు. జబ్బుకు కారణం నీరేనని వైద్యులు ఇదమిత్థంగా తేల్చలేదు. అయినా బోరు నీరు మాన్పించి మంచి నీరు ఇవ్వాలన్న ఆలోచనతో హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా ఉద్దానానికి తాగునీరు తెచ్చే పథకం సుమారు 700 కోట్లతో కట్టారు. 2023 డిసెంబరు 14న పలాసలో మూత్రపిండాల ఆసుపత్రితో పాటే దాన్నీ ప్రారంభించారు. అంటే ఇప్పుడు వజ్రపుకొత్తూరులో చెంబెడు నీళ్ళు కూడా ఆ జలాశయంలోంచే రావాలి. ఆ జలాశయం నిండాలంటే కాట్రగడ్డ, నేరడి. అవి తేలాలంటే ఢిల్లీ, భువనేశ్వర్. 262వ అధికరణం ఉద్దానం కుళాయి దాకా వచ్చింది.

ఇంతా విని మా ఇంట్లో ఒక ప్రశ్న వచ్చింది. మా మనవరాలు ఇంటరు చదువుతోంది, పౌరశాస్త్రం దానికి పాఠ్యాంశం. "తాతయ్యా, మూడు శాఖల్లో ఎవరు గొప్ప అని పరీక్షలో అడిగితే ఏం రాయాలి?" అంది. పుస్తకంలో ఉన్నది రాయమ్మా, మార్కులు పడతాయి అన్నాను. తరువాత కూర్చోబెట్టి వంశధార ఫైలు కథంతా చెప్పాను. మొత్తం విని, "అయితే ఇప్పుడు ఫైలు ఎవరి టేబులు మీద ఉంది?" అని అడిగింది. నా ముప్పై ఏళ్ళ సర్వీసులో నాకు ఎక్కువగా ఎదురైన ప్రశ్న అదే. అది దానికెలా తెలిసిందో!

చివరగా ఒక మనవి. గొట్టా బారేజి కట్టిన రోజుల్లో పనిచేసిన వర్క్ ఇన్‌స్పెక్టర్లు, లస్కర్లు, డ్రాఫ్ట్‌మెన్ మనలో ఇంకా కొద్దిమంది ఉన్నారు. వారి దగ్గర గాని, వారి పిల్లల దగ్గర గాని ఆనాటి నకళ్ళు, నీటి మట్టాల పుస్తకాలు, ఫొటోలు ఉంటే పాత కాగితాల వాడికి తూకం వేయకండి. టెక్కలి లేదా పలాస యూనిట్ కార్యదర్శికి అందజేస్తే సంఘం గ్రంథాలయంలో భద్రపరుస్తాం. ముఖ్యంగా 1962 సమావేశపు మినిట్స్ ప్రతి ఒకటి నేను చాలాకాలంగా వెదుకుతున్నాను. కార్బన్ కాపీ అయినా, చెదలు తిన్నదైనా ఫరవాలేదు.